మీ డివిజన్‌లోని బడికీ, అంగన్‌వాడీకీ కార్పొరేటర్‌గా ఎలా తోడ్పడాలి?

తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థల కార్పొరేటర్లు, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, పలమనేరు వంటి పురపాలక సంఘాల కౌన్సిలర్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: “బడి విద్యాశాఖది, అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖది. మధ్యలో నేను చేయగలిగింది ఏముంది?” చాలా ఉంది. బడికి వచ్చే కొళాయి నీరు, గేటు ముందున్న కాలువ, చెత్త తీసే బండి, వీధి దీపం, పిల్లవాడి జనన ధ్రువపత్రం, కొన్నిచోట్ల ఆ భవనం కూడా పురపాలక సంస్థ చేతిలోనే ఉన్నాయి. విద్యాహక్కు చట్టం-2009 కూడా స్థానిక సంస్థకు స్పష్టమైన బాధ్యతలను అప్పగించింది. ఆ పనులను ఏ వరుసలో చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ వివరిస్తున్నాను. కౌన్సిలర్లు కూడా ఇదే పద్ధతిని అనుసరించవచ్చు. డివిజన్ అన్నచోట వార్డు అని చదువుకుంటే సరిపోతుంది.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- గట్టి అట్ట ఉన్న ఒక రిజిస్టరు. ప్రతి బడికీ, ప్రతి అంగన్‌వాడీకీ విడిగా కొన్ని పేజీలు కేటాయించండి.
- డివిజన్ పటం. వార్డు సచివాలయంలో నకలు అడగండి.
- ప్రతి బడి యూడైస్ కోడ్. ఇది ప్రతి బడికీ విడిగా ఉండే 11 అంకెల గుర్తింపు సంఖ్య. ఏ అధికారికి రాసినా దీన్ని పేర్కొంటే ఏ బడి గురించి రాశారన్న అయోమయం ఉండదు.
- ప్రధానోపాధ్యాయులు, మండల విద్యాధికారి, అంగన్‌వాడీ టీచర్లు, వారి సూపర్‌వైజర్, సీడీపీఓ (శిశు అభివృద్ధి పథకపు అధికారి), ఏఎన్‌ఎం, శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఇంజినీరింగ్ విభాగపు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), వీరందరి ఫోన్ నంబర్లు.
- వార్డు సచివాలయంలోని విద్యా కార్యదర్శి, ఆరోగ్య కార్యదర్శి, మహిళా సంరక్షణ కార్యదర్శి, వసతుల కార్యదర్శి ఎవరో తెలిసి ఉండటం.
- మీ లెటర్‌హెడ్. ప్రతి ఉత్తరానికీ రెండు ప్రతులు తీయాలి. రెండో ప్రతిపై ఇన్‌వార్డు నంబరు, తేదీ వేయించుకోవాలి.

1. ఏ బడి ఎవరిదో తేల్చుకోండి

ఒకే డివిజన్‌లో మున్సిపల్ పాఠశాల, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల, ఉర్దూ మాధ్యమ పాఠశాల, ఎయిడెడ్ బడి, ప్రైవేటు బడి ఉండవచ్చు. తిరుపతిలో వీటికి తోడు తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బడులు ఉన్నాయి. వాటి విషయమై దేవస్థానం విద్యా విభాగానికి రాయాలి గాని కమిషనర్‌కు రాసి ప్రయోజనం లేదు. మున్సిపల్ పాఠశాలల పర్యవేక్షణను 2022లో పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. ఆస్తులు మాత్రం పురపాలక సంస్థలవే. అందువల్ల ఉపాధ్యాయుల కొరత గురించి మండల విద్యాధికారికి, పైకప్పు కారుతున్న సంగతి గురించి కమిషనర్‌కు రాయవలసి ఉంటుంది. ఉత్తరం తప్పు బల్ల మీదికి వెళితే నెలల తరబడి కదలదు. కాబట్టి రిజిస్టరులో ప్రతి సంస్థ పేరు పక్కనే భవనం ఎవరిది, సిబ్బంది ఎవరి కింద ఉన్నారు, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు అనే మూడు వివరాలూ రాసి పెట్టుకోండి.

2. మొదటిసారి వెళ్లినప్పుడు

ముందు రోజే ప్రధానోపాధ్యాయులకు ఫోన్ చేసి వెళ్లండి. వెంట ఒకరిద్దరికి మించి ఉండకూడదు. తరగతి జరుగుతుండగా ఉపాధ్యాయులను బయటికి పిలవవద్దు. పిల్లల చేత పూలు ఇప్పించుకోవద్దు, వరుసలో నిలబెట్టించవద్దు. “మీకు ఏ పని ఆగిపోయి ఉంది?” అని అడిగి, చెప్పినది రాసుకోండి. ఆ రోజు ఏ హామీ ఇవ్వకండి.

మహిళా కార్పొరేటర్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. మన స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే అయినా, బడికి వెళ్లేది చాలాసార్లు భర్తో, అన్నో అవుతున్నారు. దయచేసి మీరే వెళ్లండి. బాలికల మరుగుదొడ్డికి లోపల గడియ లేదన్న సంగతి ఎనిమిదో తరగతి అమ్మాయి మీకు చెప్పగలదు, వారికి చెప్పలేదు. అంగన్‌వాడీకి వచ్చే గర్భిణులు, బాలింతల విషయంలోనూ అంతే.

3. బడిలో చూడవలసినవి: నీరు, మరుగుదొడ్లు, భోజనం

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రతి బడిలో బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉండాలి. అవి ఉన్నాయని కాగితంలో రాసి ఉంటే సరిపోదు. పని చేస్తున్నాయో లేదో కళ్లతో చూడాలి.

నీటి విషయంలో తొట్టి నుంచి మొదలుపెట్టండి. పైనున్న ట్యాంకుకు మూత ఉందా? చివరిసారి కడిగిన తేదీ ట్యాంకు మీద రంగుతో రాసి ఉందా? లేకపోతే ఆ రోజు నుంచే రాయించే అలవాటు చేయించండి. తర్వాత నీటి సరఫరా సిబ్బందిని క్లోరోస్కోపుతో (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను చూపే పరికరం) రమ్మని అడిగి, పిల్లలు తాగే కొళాయి దగ్గరే పరీక్ష చేయించండి. చిన్న గొట్టంలో నీరు పట్టి, రసాయనం చుక్కలు వేస్తే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ రంగును పక్కనున్న గాజుపలకలతో పోల్చి చూస్తారు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రంగు మారకపోతే ట్యాంకులో మురికి చేరిందో, పైపు ఎక్కడైనా కాలువలో మునిగి లీకవుతోందో వెతకవలసిందే. పరీక్షను వీధి కొళాయి దగ్గర చేసి “నీరు బాగుంది” అని రాసేయడం తరచుగా జరిగే పొరపాటు. వీధిలో బాగున్న నీరు బడి ట్యాంకులో పాడవుతుంది.

మరుగుదొడ్లను మధ్యాహ్న భోజనం తర్వాత చూడండి. ఉదయం అన్నీ శుభ్రంగానే కనిపిస్తాయి. కొళాయి తిప్పి చూడండి, గడియ వేసి చూడండి, లోపల బక్కెట్టు, మగ్గు ఉన్నాయేమో చూడండి. చేతులు కడిగే కొళాయి ఒకటో తరగతి పిల్లవాడికి అందుతుందా? పెద్దల ఎత్తుకు బిగించిన కొళాయి కింద పిల్లలు మునివేళ్ల మీద నిలబడి, చొక్కా చేతులు తడుపుకొని, సబ్బు ముట్టకుండానే వెళ్లిపోతారు. దీనికి ఒక మెట్టు కట్టిస్తే చాలు, పెద్ద ఎస్టిమేటు అక్కరలేదు.

మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యంతో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 150 గ్రాముల బియ్యంతో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నిబంధన. వడ్డించే ముందు పెద్దలు రుచి చూడాలి. మీరు వెళ్లిన రోజు పిల్లల వరుసలో చివర నిలబడి తినండి. చివరి పిల్లవాడికి పప్పు పలచబడుతోందో, గుడ్డు అందుతోందో అప్పుడే తెలుస్తుంది. గుడ్ల మీద అనుమానం వస్తే ఒకటి నీళ్లలో వేయించండి. పైకి తేలితే అది వండకూడనిది. లోపం కనిపించినప్పుడు వంట చేసే ఆమెను నలుగురిలో మందలించకండి. బిల్లులు ఆలస్యమైతే సరుకులు తెచ్చేందుకు అప్పు చేసేది ఆమె. ముందు బిల్లులు ఏ నెల వరకు వచ్చాయో కనుక్కోండి.

4. అంగన్‌వాడీలో చూడవలసినవి

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అదనపు పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైన వారిని ఆసుపత్రికి పంపడం, పోషణపై అవగాహన కల్పించడం దాని పనులు. బయటి నుంచి చూసేవారికి గుడ్డు, పాలు, బాలామృతం మాత్రమే కనిపిస్తాయి. నా దృష్టిలో కార్పొరేటర్ ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినవి మిగిలిన రెండు విషయాలు: తూకం, భవనం.

తూకం సరిగా లేకపోతే బక్కచిక్కిన బిడ్డ కూడా పుస్తకంలో ఆరోగ్యంగానే కనిపిస్తుంది. తూనిక యంత్రాన్ని సమతలమైన నేల మీద పెట్టించి, ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపుతోందో లేదో చూడండి. తర్వాత సీలు తీయని కిలో ఉప్పు ప్యాకెట్లు రెండు పెట్టించి చూడండి. రెండు కిలోలకు దగ్గరగా చూపాలి. తేడా ఎక్కువగా ఉంటే సూపర్‌వైజర్‌కు రాసి, యంత్రాన్ని మార్పించండి. బిడ్డను చెప్పులు తీసి, పలచటి బట్టలతో తూచాలి. రెండేళ్లలోపు పిల్లల పొడవును పడుకోబెట్టి, ఆపై వయసు వారి ఎత్తును నిలబెట్టి కొలవాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డ భుజం, మోచేయి మధ్య చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. ఆ బిడ్డను ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి.

హెచ్చరిక: కొలిచే పని అంగన్‌వాడీ టీచర్‌ది, ఏఎన్‌ఎంది. మీరు టేపు పట్టుకోవద్దు. బరువు తక్కువ పిల్లల పేర్లు నలుగురి ముందు చదవవద్దు. “మీ పాప బక్కగా ఉంది” అని వీధిలో అనిపించుకున్న తల్లి మర్నాటి నుంచి కేంద్రానికి రావడం మానేస్తుంది. మీరు అడగవలసింది సంఖ్య మాత్రమే: ఈ నెల ఎందరిని తూచారు, అందులో ఎందరిని ఆసుపత్రికి పంపారు, వారిలో ఎందరు నిజంగా వెళ్లి వచ్చారు. మూడో సంఖ్యలో తేడా కనిపిస్తే కారణం తరచుగా ఆటో చార్జీ, లేదా ఇంట్లో రెండో బిడ్డను చూసుకునేవారు లేకపోవడం. అటువంటి చోట ఆశా కార్యకర్తను తోడు పంపే ఏర్పాటు చేయించడం మీకు కష్టం కాదు.

ఇక భవనం. పట్టణాల్లో చాలా కేంద్రాలు అద్దె ఇళ్లలో నడుస్తున్నాయి. తిరుపతిలోని కొర్లగుంట, జీవకోన వంటి ఇరుకు వీధుల్లో ఒకే గదిలో వంట, చదువు, సరుకుల నిల్వ జరిగే చోట్ల ప్రమాదం ఎక్కువ. గ్యాస్ పొయ్యికి, పిల్లలు కూర్చునే చోటుకు మధ్య అడ్డు ఉందా, మేడ మెట్లకు గేటు ఉందా, ముఖ్యంగా నేలలోని నీటి సంపుకు బరువైన మూత, దానికి గడియ ఉన్నాయా అన్నది చూడండి. పగిలిన రేకు మూత కప్పిన సంపు ఉన్న ఇంట్లో మూడేళ్ల పిల్లలను ఒక్క రోజు కూడా ఉంచకూడదు. అదే రోజు యజమానితో మాట్లాడి మూత వేయించండి, సీడీపీఓకు రాయండి.

ప్రత్యామ్నాయాలు మూడు ఉన్నాయి. దగ్గరి ప్రాథమిక పాఠశాలలో ఖాళీ గది ఉంటే కేంద్రాన్ని అక్కడికి మార్చమని సీడీపీఓ, మండల విద్యాధికారి ఇద్దరికీ రాయవచ్చు. అక్కడి నుంచి పిల్లలు ఒకటో తరగతికి వెళ్లడమూ సులువవుతుంది. పురపాలక సంస్థ కమ్యూనిటీ హాలు వాడకం లేకుండా ఉంటే దాన్ని అడగవచ్చు. ఇవేవీ కుదరకపోతే, కేంద్రం భవనానికి స్థలం కేటాయింపునకు కౌన్సిల్ తీర్మానం కోరవచ్చు. కేంద్రాన్ని మార్చేటప్పుడు మాత్రం తల్లులను ముందు అడగండి. కొత్త చోటికి రావాలంటే పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే, గది ఎంత బాగున్నా పిల్లలు రారు.

చిత్తూరు, నగరి ప్రాంతాల్లో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు కేంద్రానికి వచ్చిన కొత్తలో నోరు విప్పకపోవచ్చు. దాన్ని మందకొడితనంగా రాసేయకుండా, టీచరుకు గాని ఆయాకు గాని ఆ భాష వచ్చేలా చూడమని సూపర్‌వైజర్‌ను కోరండి.

5. బడి బయట ఉన్న పిల్లలను లెక్కలోకి తీసుకురండి

విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ ప్రకారం తన పరిధిలో నివసించే 14 ఏళ్లలోపు పిల్లల వివరాల రికార్డును స్థానిక సంస్థ నిర్వహించాలి. వార్డు విద్యా కార్యదర్శి వద్ద ఉన్న జాబితాను తీసుకుని, అంగన్‌వాడీ జాబితాతో, బడి హాజరుపట్టీతో పోల్చి చూడండి. తిరుపతి వంటి యాత్రాస్థలంలో ఈ జాబితాల్లో ఎక్కడా కనిపించని పిల్లలు ఉంటారు: బస్టాండు, రైల్వేస్టేషను పరిసరాల్లో బొమ్మలు అమ్మే కుటుంబాలు, భవన నిర్మాణ కూలీలు, హోటళ్లలో పనికి వచ్చినవారు. ఇంటింటి సర్వేను పగలు చేస్తే వీరు దొరకరు. సాయంత్రం దీపాలు పెట్టాక వెళ్లాలి.

“ఆధార్ లేదు, టీసీ (బదిలీ ధ్రువపత్రం) లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు” అని చెప్పి చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధం. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని 14వ సెక్షన్, టీసీ ఆలస్యమైందని ఆపకూడదని 5వ సెక్షన్ చెబుతున్నాయి. పిల్లవాడిని ముందు బడిలో కూర్చోబెట్టించి, కాగితాల పని తర్వాత చూడండి.

జనన ధ్రువపత్రం మీ కార్యాలయం పనే. పుట్టిన చోటు ఏ సంస్థ పరిధిలో ఉంటే అక్కడే నమోదు జరుగుతుంది. నివాసం ఎక్కడన్నది లెక్కకు రాదు. తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన పలమనేరు బిడ్డకు పత్రం తిరుపతిలోనే ఇస్తారు. 21 రోజుల్లోపు నమోదుకు రుసుము ఉండదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి. బిడ్డ పేరు చేర్పించకుండా వదిలేసిన పత్రాలు చాలా ఇళ్లలో ఉంటాయి. అవి ఒకటో తరగతి సమయంలో ఇబ్బంది పెడతాయి కాబట్టి అంగన్‌వాడీ తల్లుల సమావేశంలోనే అడిగి, ఉన్నవన్నీ ఒకేసారి రాయించండి.

పిల్లలను బడికి పంపే తల్లులకిచ్చే ‘తల్లికి వందనం’ పథకం డబ్బు పడలేదని మీ దగ్గరికి వచ్చేవారికి ముందుగా మూడు విషయాలు చూడమనండి: బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమైందా, పిల్లవాడి హాజరు 75 శాతం ఉందా, బడి రికార్డులో తల్లి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా. అంతా సరిగా ఉండి కూడా రాకపోతే వార్డు సచివాలయంలో అర్జీ పెట్టించండి.

6. పాఠశాల యాజమాన్య కమిటీలో మీ కుర్చీ ఖాళీగా ఉంచకండి

చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఈ కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధులకు కూడా అందులో చోటుంది. అయితే అక్కడ మీరు అధ్యక్షత వహించవలసిన పని లేదు. సమావేశం కూలి పనికి వెళ్లే తల్లులకు కుదిరే వేళ పెట్టమని అడగండి, మినిట్స్ బిగ్గరగా చదివించి ఆ తర్వాతే సంతకాలు చేయించండి. 22వ సెక్షన్ కింద కమిటీ రాసే పాఠశాల అభివృద్ధి ప్రణాళిక నకలు తప్పకుండా తీసుకోండి. కౌన్సిల్‌లో మీరు మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉండవలసిన బలమైన కాగితం అదే.

7. కాగితాన్ని కదిలించండి

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కౌన్సిల్ సమావేశపు జీరో అవర్‌లో గట్టిగా మాట్లాడినంత మాత్రాన పని జరగదు. ఒక్కో సమస్యకు ఒక్కో ఉత్తరం రాయండి. అయిదు సమస్యలు కలిపి రాసిన ఉత్తరం అయిదు విభాగాల మధ్య తిరిగి ఎవరి దగ్గరా నిలవదు. ఉత్తరం ఇలా ఉండవచ్చు:

“విషయం: ...వ డివిజన్ మున్సిపల్ ప్రాథమిక పాఠశాల, యూడైస్ కోడ్ ..., బాలికల మరుగుదొడ్లకు నీటి సరఫరా గురించి. పై పాఠశాలలో బాలికలకు మూడు మరుగుదొడ్లు ఉన్నప్పటికీ మోటారు పాడైనందున పై ట్యాంకుకు నీరు ఎక్కడం లేదు. ... తేదీన ప్రధానోపాధ్యాయులతో కలిసి స్వయంగా పరిశీలించాను. ఫొటో, కమిటీ తీర్మానం నకలు జతపరిచాను. ఏఈ చేత ఎస్టిమేటు వేయించి, తీసుకున్న చర్యను 15 రోజుల్లో తెలియజేయగలరు.”

ఇందులో ఎవరి మీదా ఆరోపణ లేదు. చూసినది, కావలసినది, గడువు మాత్రమే ఉన్నాయి. గడువు దాటితే కమిషనర్‌కు జ్ఞాపిక, ఆ తర్వాత కౌన్సిల్ అజెండాలో అంశంగా చేర్చమని రాతపూర్వక వినతి. విద్యాశాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖల విషయాలైతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఏ శాఖ అయినా సమాధానమే ఇవ్వకపోతే, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కాలం కూడా చూసుకోవాలి. భవన మరమ్మతులు వేసవి సెలవుల్లోనే సాధ్యం. జూన్ రెండో వారంలో బడులు తెరిచేనాటికి పని ముగియాలంటే ఎస్టిమేటు జనవరికల్లా సిద్ధమై బడ్జెట్‌లో చేరాలి. మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో పారిశుద్ధ్య, ఇంజినీరింగ్ సిబ్బంది అటు పోతారు, బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతిలో మళ్లీ అదే స్థితి. ఆ వారాలను లెక్కలోంచి తీసేసి గడువు పెట్టండి. మన ప్రాంతానికి భారీ వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో అందరికీ తెలుసు. బడి, అంగన్‌వాడీ ముందున్న కాలువల పూడిక సెప్టెంబరు ముగిసేలోగా తీయించాలి.

8. హక్కులకు సంబంధించిన ఫిర్యాదు వస్తే

ప్రవేశం నిరాకరించారు, పిల్లవాడిని కొట్టారు వంటి ఫిర్యాదులను నోటిమాటతో సర్దిచెప్పి పంపకండి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇరుపక్షాలనూ విని మూడు నెలల్లో తేల్చాలి. తీర్పు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. తల్లికి రాయడం రాకపోతే ఆమె మాటల్లోనే రాయించి, చదివి వినిపించి, ఇన్‌వార్డు నంబరు ఇప్పించండి.

లైంగిక వేధింపు అనుమానం ఉన్న విషయంలో మాత్రం పంచాయితీ అన్న మాటే రాకూడదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి రక్షించే పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు చెప్పడం తప్పనిసరి. పిల్లల సహాయ నంబరు 1098. బిడ్డను మీరు ప్రశ్నించవద్దు, పేరు ఎవరికీ చెప్పవద్దు.

తరచుగా జరిగే పొరపాట్లు

ఉపాధ్యాయుల బదిలీల్లో, ఆయా నియామకాల్లో సిఫారసులు చేయడం మొదటిది. ఒక్కసారి చేస్తే ఆ తర్వాత మీరు రాసే ప్రతి ఉత్తరాన్నీ ఆ కంటితోనే చూస్తారు. రెండోది, సొంత డబ్బుతో ఫ్యాను, మోటారు కొనిచ్చి ఊరుకోవడం. ఆ మంచితనం మెచ్చదగినదే, కానీ స్టాకు రిజిస్టరులో ఎక్కని వస్తువు చెడిపోతే బాగు చేయించేవారు ఉండరు. ఏది ఇచ్చినా ప్రధానోపాధ్యాయుల చేత రాయించి రసీదు తీసుకోండి. మూడోది, పిల్లలకు గుడ్డు అందిస్తూ ఫొటోలు దిగి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం. బీదరికంలో ఉన్న బిడ్డ ముఖం ప్రచారానికి వాడవద్దు. కొళాయి ఫొటో చాలు.

పని నిజంగా జరిగిందని ఎలా తేల్చుకోవాలి

“పూర్తయింది” అన్న ఫోను మెసేజును రిజిస్టరులో రాయకండి. ప్రధానోపాధ్యాయులు లేదా అంగన్‌వాడీ టీచరు సంతకం చేసిన కాగితం వచ్చాకే రాయండి. కాంట్రాక్టరు బిల్లు ముందుకు పోకముందే ఏఈని కొలతల పుస్తకంతో బడికి రమ్మని, రాసిన కొలతలు, కట్టిన గోడ ఒకటేనో కాదో కమిటీ తల్లుల ఎదుటే చూడండి. మరమ్మతు చేసిన చోటును నెల తర్వాత ఒకసారి, మొదటి పెద్ద వాన తర్వాత ఒకసారి చూడాలి. పైకప్పు సంగతి వానకే తెలుస్తుంది.

మరుగుదొడ్లు బాగుపడ్డాయా అని పెద్దలను అడిగితే బాగుపడ్డాయంటారు. ఆరు, ఏడు తరగతుల అమ్మాయిలు ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగుతున్నారా అని ఒక ఉపాధ్యాయిని ద్వారా కనుక్కోండి. తాగడం మానేసి ఉంటే, ఎన్ని టైల్స్ అతికించినా ఆ పని ఇంకా కాలేదని రాసుకుని మళ్లీ ఉత్తరం పెట్టండి.